డొల్లకు మొగమాటం లేదు

మొన్న కళ్యాణదుర్గం బస్టాండులో బెంచీ మీద కూర్చోని ఉంటే, పక్కనున్నాయన నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసి అడిగినాడు.

"ఎవురప్పా నువ్వు? యా ఊరు? ఎవురి మనిషివి?"

నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. బస్టాండు బస్టాండంతా తిరిగి చూసింది, కండక్టర్లు విజిల్ ఊదడం మరిచిపోయినారు. సరే, బస్టాండంతా కాదు. ఒక మేకా, సోడాలమ్మే ఆయనా చూసినారు. పక్కాయనకు మాత్రం కోపం వచ్చింది. "ఊరు అడిగితే నవ్వేది యేంది సామీ?" అని మూట ఎత్తుకోని అవతలి బెంచీకి పోయినాడు.

ఆయనకు నేను చెప్పలేకపోయిన మాట ఇది: అన్నా, నువ్వు ఒక్క ఊపిరిలో మూడు డొల్లలు పెట్టినావు, వాటిని నింపమని నన్ను అడిగినావు. ఇట్ల చెబితే అర్థం చేసుకునే మనిషి ఈ పక్కన ఒక్కతే ఉండేది. పని ముగించుకోని ఆయమ్మ వెళ్ళిపోయి రెండు నెలలైంది.

ఆయమ్మ పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది. గుత్తిలో అంగడి పెట్టుకొన్న వ్యాపారస్తుల ఇంటి ఆడబిడ్డ. వయసు యాభై దాటింది. బెంగళూరులో కంప్యూటర్ల కాడ చాలా ఏండ్లు పనిచేసి వచ్చింది. ఆరడుగుల మనిషి. గొంతు విప్పితే గుత్తి కోట మీద పావురాలు లేచిపోయేవి. నిజానికి ఐదడుగులు కూడా ఉండదు. ఆయమ్మ స్టూలు మీద, నేను చాప మీద కూర్చునేవాళ్ళం కాబట్టి నాకు అట్ల గుర్తుండిపోయింది. గొంతు కూడా చిన్నదే. పావురాల సంగతి వదిలేయండి.

ఆయమ్మను పిలిపించింది ఒక సంస్థ. ఎండాకాలం ముదిరేలోగా కంబదూరు చుట్టుపక్కల యా పల్లెలకు ముందుగా నీళ్ళ ట్యాంకర్లు పోవాలో ఒక పట్టీ తయారు చేయాల. పట్టీలో పేరుంటే ఊరికి ట్యాంకరు వస్తుంది. లేకుంటే ఆడోళ్ళు బిందెలు పట్టుకోని నడవాల. ఆ పట్టీ పాత రికార్డుల్లోనుంచి రావాల. పాత రికార్డులు తలా ఒక ఆఫీసులో, ఒకదాని మొహం ఒకటి చూడకుండా పడున్నాయి. ఒకే బావికి పంచాయతీ కాగితంలో ఒక పేరు, బావులు కొలిచే రిజిస్టర్లో ఒక నంబరు, ఊళ్ళో ఇంకో పేరు. వీటన్నిటికీ లంకెలు వేసి, లంకెల్లోనుంచి అడిగినదానికి జవాబు రప్పించే ప్రోగ్రాము రాయడం ఆయమ్మ పని. లంకెలు వేయాలంటే బావులు తెలిసిన ముసలాయన ఒకడు కావాలన్నారు.

ఆ ముసలాయన్ని నేనే. బావుల్లో నీటి మట్టం టేపుతో కొలిచి రిజిస్టర్లో రాసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. "ఈ తాలూకాలో నేను తొంగిచూడని బాయి ల్యాదమ్మా" అని మొదటిరోజే చెప్పినాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

"ఎవురు చెప్పినారు?" అనింది ఆయమ్మ.

అదీ ఆయమ్మ వాలకం. ఏ మాటకైనా ముందు ఆ ప్రశ్నే. టీ తెచ్చిచ్చి "చక్కెర వేసినామమ్మా" అంటే, "ఎవురు చెప్పినారు?" ఎండ ఎక్కువుందంటే, "ఎవురు చెప్పినారు?" మొదట్లో నాకు పౌరుషం వచ్చేది. తర్వాత తెలిసింది, అది అనుమానం కాదు. ప్రతి మాటకూ చెప్పిన మనిషి పేరు లంకె వేసుకోవడం ఆయమ్మకు అలవాటు.

కంబదూరులో విత్తనాల అంగడి పైన గది. కింద అంగట్లోనుంచి శెనక్కాయలు తెప్పించుకోని ఒంటి చేత్తో టపటప ఒలిచేది. ఇంకో చెయ్యి కీబోర్డు మీదే. కళ్ళద్దాలు తలలోకి తోసుకోని, అవే కళ్ళద్దాల కోసం గదంతా వెతికేది. ఒక పొద్దన నన్ను చాప మీద కూర్చోబెట్టి చీపురులోనుంచి పుల్లలు విరిచి ముందర వేసింది.

"అన్నా, ఈ మిషన్‌కు పెద్ద మాటలు తెలీవు. దేన్నైనా రెండు కాయలూ నడుమ ఒగ పుల్లగా చెప్పల్ల. ఈ కాయ బాయి. ఆ కాయ పల్లె. నడుమ పుల్ల, 'ఉండాది'. ఈ బాయి ఆ పల్లెలో ఉండాది. అంతే."

"ఇంత పొట్టి మాటలతో ఏం సంసారం జరుగుతుందమ్మా?"

"ఆ బాయికే ఇంకో పుల్ల తగిలించు. దాని కొసన ఇంకో కాయ పెట్టు. బాయిని కొలిచిన దినం. కొలిచిన మనిషి. ఆ మనిషి ఊరు."

అరగంటకు చాపంతా వల అయిపోయింది. కాళ్ళు చాపుకోవడానికి నాకు చోటు లేదు. అప్పుడు ఆయమ్మ ఒక కాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకోని, ఒట్టి డొల్లను నా ముందర పెట్టింది.

"ఇప్పుడు అడిగేది నేర్చుకో. తెలిసిన చోట కాయ పెట్టు. తెలీని చోట డొల్ల పెట్టు. ఆ డొల్లలో యా కాయ పడుతుందో మిషన్ వలంతా తిరిగి వెతుకుతుంది."

ప్రోగ్రాములో రాసేటప్పుడు డొల్లకు బదులు పేరు ముందర ఒక ప్రశ్న గుర్తు వేయాల. తెలుగులో రాసినా ఒప్పుకుంటుందని చెప్పి, "?బాయి" అని కొట్టి చూపించింది. తర్వాత గోడకున్న సున్నం గోటితో గీకి రెండు డొల్లలకు చుక్క పెట్టింది. ఒకటి ఒక వరుసలో, ఇంకొకటి వేరే వరుసలో పెట్టింది.

"ఇదన్నా దీని ప్రాణం. ఒకే గుర్తుండే డొల్ల ఎన్ని చోట్లున్నా, అన్నిట్లోనూ ఒకే కాయ పడల్ల. ఒగ చోట పడి ఇంకో చోట పడకపోతే ఆ కాయ పనికిరాదు."

నాకు ఒళ్ళు ఝల్లుమనింది. ఇందులో పెంచి చెప్పేది ఏమీ లేదు, నిజంగానే లేచి నిలబడినాను. పుట్టినప్పట్నుంచి మేము చేస్తున్నది ఇదే కదా. పెండ్లిలో కొత్త మనిషి ఎదురుపడితే, మీది యా ఊరు, ఆ ఊళ్ళో మా మేనత్తను ఇచ్చినారే, ఆ ఇంటికీ మీకూ ఏమవుతుంది అని అటునుంచి ఒకటీ ఇటునుంచి ఒకటీ పట్టుకోని లాగి, నడుమనున్న మనిషిని పట్టేస్తాం. పట్టగానే ఎంత సంతోషమో. ఆ సంతోషం ఒక మిషన్‌లో ఉందని నాకు డెబ్బై దాటినాక తెలిసింది.

ఆ నెలలోనే నేను వెయ్యి క్వెరీలు రాసినాను. క్వెరీ అంటే మిషన్‌ను అడిగే అడగడం. వెయ్యి అంటే, ఏడు. ఏడింట్లో నాలుగు ఆయమ్మ చెబితే నేను టైపు కొట్టినవి. మిగిలిన మూడూ నావే. వాటిలో ఒకటి నన్ను ముంచింది.

ముంచకముందు మురిపించింది కూడా. ఆయమ్మకు ఒక పద్ధతి ఉండేది. క్వెరీ రాయడం అయినాక మీట నొక్కి, జవాబు వచ్చేలోగా అరచేతితో స్క్రీను కప్పేది. అన్నం ఉడికిందా లేదా అని చూసే ముందర ఆగినట్టు ఆగి, నా పక్క తిరిగి, "మూత తీద్దామా?" అనేది. నేను తలూపినాకే చెయ్యి తీసేది. ఆ రెండు క్షణాల కోసం నేను రోజూ బస్సెక్కి వచ్చేవాణ్ణి.

ఒకసారి మూత తీస్తే మండలమంతటికీ ఒకటే బావి మిగిలింది. తప్పు నాదే. ఏ రెండు పేర్లు చూపించినా "అవి రెండూ ఒకటేనమ్మా" అని తెలిసినట్టు చెప్పేవాణ్ణి. ఇది దానితో ఒకటి, అది ఇంకోదానితో ఒకటి, అట్ల కలుపుకుంటూ పోయి అన్ని బావులూ ఒకే బావిలో పడినాయి. ఆయమ్మ తిట్టలేదు. "పెద్ద బాయి తవ్వినావన్నా" అనింది. వారం రోజులు కూర్చోని ఒక్కొక్క లంకె విప్పినాం. ఈసారి నేను నిజంగా గుర్తు తెచ్చుకోని చెప్పినాను. పంచాయతీ కాగితంలో ఫలానా పేరున్న బావీ, నా రిజిస్టర్లో ఫలానా నంబరూ ఒకటే అని. అందులో కంబదూరు పైన ఒక పల్లె బావి కూడా ఉంది.

ఇక ముంచిన క్వెరీ.

బెళుగుప్పలో నాలాగే బావులు కొలిచి రిటైరైన ఆయన ఒకడున్నాడు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన రిజిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేది. ఆఫీసర్లు దాన్ని చూపించి నన్ను తిట్టేవాళ్ళు. ఎండలో పది బావులు తిరిగే మనిషి రిజిస్టరు అంత శుభ్రంగా ఎట్ల ఉంటుంది? ఇంట్లో కూర్చోని రాసింటాడని నా కడుపుమంట. ఇప్పుడు చేతిలోకి ఆయుధం వచ్చింది.

"అమ్మా, అబద్ధం కొలతలు రాసినోన్ని పట్టే ఉపాయం నేను చెప్తా" అన్నాను.

ఆయమ్మ ఒలిచేది ఆపింది. "చెప్పు."

"పంచాయతీలో పూడ్చేసిన బాయిల లెక్క ఉండాది గదా. బాయి పూడ్చినాంక గూడా ఎవడన్నా దాంట్లో నీళ్ళు కొలిచినట్టు రాసింటే, వాడు బాయి కాడికి పోలేదని అర్థం."

ఆయమ్మ కళ్ళద్దాలు తలమీదనుంచి కిందకి దించింది. అంతకుమించిన మెచ్చుకోలు ఆయమ్మ దగ్గర నేను చూడలేదు. "నువ్వే రాయన్నా" అనింది.

చాప మీద ముందు డొల్లలు పేర్చుకోని, తర్వాత నేనే కొట్టినాను. అచ్చుతప్పులు మినహాయిస్తే ఇట్ల ఉంది:

?బాయి — పూడ్చిన_దినం — ?పూడ్చింది
?కొలత — ఏ_బాయిది — ?బాయి
?కొలత — ఏ_దినం — ?కొలిచింది
?కొలత — ఎవురు_రాసినారు — ?మనిషి
?కొలిచింది, ?పూడ్చిందానికి తర్వాత ఉండాల

మొదటి వరుస పంచాయతీది, మిగిలిన మూడూ రిజిస్టర్లవి. రెండిటినీ కట్టేసింది "?బాయి" అనే ఒక్క డొల్ల. చివరి వరుస వడపోత. చూసుకుంటే నాకే గర్వమైంది. బెళుగుప్పాయన మొహం ఎట్లుంటుందో అనుకుంటూ మీట నొక్కినాను. ఆయమ్మ స్క్రీనుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"మూత తీద్దామా?"

"తియ్యమ్మా, తియ్యి. వాని సంగతి చూద్దాం."

చెయ్యి తీసింది. బెళుగుప్పాయన పేరు లేదు. ఎన్ని వరుసలు వచ్చినాయో అన్నిట్లోనూ "?మనిషి" కింద ఒకటే పేరు. నాది.

ఆ కంబదూరు పైన పల్లె బావి. దాన్ని పూడ్చి దాని మీద నాటకాల కట్ట కట్టినారంట. కట్ట మీద నాటకాలు ఆడుతుండగా, కిందున్న బావిలో నేను ఏడేండ్లు నీళ్ళు కొలిచి రాసినాను. ఒక నెల అడుగు ఎక్కువ, ఒక నెల అడుగు తక్కువ.

నేను ఊరుకున్నానా? "అదేం ల్యాదమ్మా, బాయి పూడ్చినా పక్కన ఊట ఉండాది. ఆ ఊటలో టేపు వదిలి..." అని మొదలుపెట్టినాను. ఊటకు గట్టు కట్టినాను, గట్టు మీద చెట్టు నాటినాను, చెట్టు కింద గొర్రెలను కూడా పండబెట్టినాను. ఆయమ్మ అంతా విని, ఒక కాయ ఒలిచి, డొల్లను నా పక్కకు జరిపింది.

"అన్నా, డొల్లకు మొగమాటం ల్యాదు."

నా ఊటలు అక్కడికి ఎండిపోయినాయి. ఎండలో అంత దూరం పోలేక, కంబదూరు బస్టాండు పక్కన హోటల్లో కూర్చోని, దగ్గరున్న ఒక బావి కొలతకు కొంచెం కలిపీ కొంచెం తీసీ మిగతావి రాసేవాణ్ణని చెప్పినాను.

"అయితే ఆ పల్లెకు దగ్గర్లో నీళ్ళుండాయని మన ప్రోగ్రాము అనుకుంటాండేది నీ మాట నమ్మేనా?"

"అవునమ్మా."

"పట్టీలో ఆ పల్లె పేరు ల్యాదు. తెలుసు గదా?"

తెలుసు. అంతవరకూ నాకు ఆ రెండూ ఒకే వలలో ఉన్నాయని తట్టనే లేదు. నా కడుపుమంట నన్నే పట్టించిందని సిగ్గుపడినానే గానీ, ఆ పల్లె ఆడోళ్ళు ఎండాకాలం ఏం తాగుతారని అనుకోలేదు.

"టేపు ఉండాదా ఇంకా?" అనింది.

మర్నాడు పొద్దన్నే పోయినాం. బస్సు దిగి నడిచినాం. నేను పన్నెండు మైళ్ళు నడిచినానని ఇంట్లో చెప్పుకున్నాను. రెండు మైళ్ళు ఉంటుంది. కట్ట మీద ఒక అవ్వ కూర్చోని చేటలో కంది బేడలు ఏరుతా ఉంది. పక్కన ఖాళీ బిందెలు పెట్టుకోని ఇంకొంతమంది ఆడోళ్ళు కూర్చున్నారు.

"ఎవురమ్మా ఈయన?" అని అవ్వ ఆయమ్మను అడిగింది.

ఆయమ్మ నా పక్క చూసింది.

"అవ్వా, నువ్వు కూర్చోనుండే కట్ట కింద బాయిలో నీళ్ళుండాయని రాసిన మనిషిని నేనే" అన్నాను.

"ఎప్పుడు? కట్ట కట్టకముందరనా?"

"కట్టినాంక."

అవ్వ కట్టను అరచేత్తో ఒకసారి తట్టి చూసింది. "ఏమప్పా, ఇన్నేండ్లూ మా నీళ్ళు తాగింది నువ్వేనా? ఒగ బిందె గూడా మాకు మిగల్చకుంటివి గదప్పా" అని నవ్వింది. పక్కనున్న ఆడోళ్ళు నవ్వలేదు.

"చేతిలో అదేంది, టేపా? అయితే రా. ఉండే బాయి చూపిస్తా."

చాలా దూరం నడిపించింది. ఇది పెంచి చెప్పడం లేదు. టేపు కొసకు సుద్ద పూసి బావిలోకి వదిలితే, నీళ్ళు తగిలినంత మేరా సుద్ద తడిసి రంగు మారుతుంది. వదిలినాను. అడుగున రాయికి టక్కుమని తగిలింది. పైకి లాగితే, సుద్ద నేను పూసింది పూసినట్టే ఉంది. తెల్లగా. అవ్వ దాన్ని వేలితో తుడిచి నాకు చూపించింది.

తిరిగొచ్చే బస్సులో ఆయమ్మ చెవి దగ్గరికి వంగి అడిగినాను. "అమ్మా, నా పాత వరుసలు తుడిచేస్తే పోతుంది గదా. సరైన కొలత పెట్టుకుంటే పల్లె పట్టీలోకి వస్తుంది. నా పేరు ఎవురికీ తెలీదు."

"తుడిచేది ల్యాదన్నా. కింద ఇంకో మాట చేర్చేదే. ఆ కొలత ఎవురు చెప్పినారని ఒగ పుల్ల ముందే ఉండాది. అది తప్పని ఎవురు చెప్పినారని ఇంకో పుల్ల తగిలిస్తాం. ఆ కొసన యా కాయ పెట్టల్ల? నా పేరు పెట్టమంటే పెడతా. నేను కనుక్కున్నానని ఉంటుంది."

కంబదూరు వచ్చేదాకా నేను టేపు కొసన మిగిలిన సుద్దను గోటితో గీకుతా కూర్చున్నాను. దిగేటప్పుడు చెప్పినాను. "నాదే పెట్టమ్మా."

తర్వాత నా బావులన్నీ వరుసగా పెట్టుకోని, ఇది కొలిచింది, ఇది హోటల్లో రాసింది అని విడదీసినాం. "హోటల్లో రాసినవి ఎన్నన్నా?" అంటే, రెండు మూడుంటాయన్నాను. మధ్యాహ్నానికి ఆరైనాయి. సాయంత్రానికి పద్నాలుగు. పూడ్చింది పోను పదమూడు బావులకూ మళ్ళీ టేపు వదిలినాం, సుద్దముక్కలు అరిగిపోయినాయి. అంత సంతోషంగా నేను సర్వీసులో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. నీళ్ళు దగ్గర్లో లేని పల్లెలేవని మళ్ళీ డొల్ల పెట్టి అడిగే రోజు, ఆయమ్మ నా చెయ్యి పట్టుకోని స్క్రీను మీద పెట్టింది. "ఈసారి మూత నువ్వు తియ్యన్నా."

తీసినాను. ఆ పల్లె పేరు పైనుంచి మూడోది. ఆ ఎండాకాలం ట్యాంకరు ఆ కట్ట పక్కనే ఆగింది.

బెళుగుప్పాయనకు ఫోన్ చేసినాను. "ఏమప్పా ఇన్నాళ్ళకు?" అన్నాడు. "ఊరికే" అన్నాను. ఆ బాకీ మిగిలింది. అప్పా, ఇది చదివితే తెలుసుకో. నీ రిజిస్టరు నిజంగానే శుభ్రంగా ఉంది.

పనైనాక ఆయమ్మ వెళ్ళిపోయింది. పోతా పోతా పాత ల్యాప్‌టాప్ ఒకటి నాకిచ్చింది, ఆ వలంతా దాంట్లో ఉంది. "నీ గురించి పేపర్లో రాస్తానమ్మా, పేరు పెట్టి" అంటే ఒప్పుకోలేదు. "ఒట్టి పేరు రాస్తే పుల్ల ల్యాని కాయ అన్నా. యాడికీ తగలదు" అనింది. అందుకే ఇక్కడ పేరు రాయలేదు.

బస్టాండులో నవ్వొచ్చిన రోజు ఇంటికి పోయి ఆ ల్యాప్‌టాప్ తెరిచినాను. ఒక కొసన నా పేరు, రెండో కొసన డొల్ల పెట్టి, నాకు ఎవురెవురితో ఏమేం లంకెలున్నాయని అడిగినాను. నిజంగా కొలిచిన బావులతో పాటు ఆ పద్నాలుగు బావులూ వచ్చినాయి. అబద్ధం కొలతలన్నీ తుడవకుండా అట్లే ఉన్నాయి, రాసినవారి చోట నా పేరు. తప్పని చెప్పినవారి చోట కూడా నా పేరే. పల్లె వచ్చింది, నాటకాల కట్ట వచ్చింది, ఆఖరికి ఒకే ఆఫీసని బెళుగుప్పాయన కూడా వచ్చినాడు. ఆయమ్మ రాలేదు. పైనుంచి కిందికి రెండుసార్లు చూసినాను. ప్రతి మాటకూ ఎవురు చెప్పినారని అడిగిన మనిషి, తన పేరు ఎక్కడా తగిలించుకోలేదు.

ఆ ఒక్క మాటా నేను చేర్చినాను. ఒంటి వేలితో కొడితే అరగంట పట్టింది. ఒక కొసన నా పేరు. నడుమ పుల్ల: "అడగడం ఎవురు నేర్పినారు." ఆ కొసన ఆయమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. తర్వాత ఆ పేరు తీసి డొల్ల పెట్టి, మీట నొక్కి, స్క్రీను మీద అరచెయ్యి పెట్టుకున్నాను. అడిగేవాళ్ళు లేరు కాబట్టి, మూత తీద్దామా అని నేనే అనుకోని తీసినాను.

ఒకే ఒక్క పేరు వచ్చింది. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. నమ్మకపోతే డొల్ల పెట్టి అడగండి.